ఆరో పక్కటెముక దగ్గర

చెవియట్ కొండల కింద, నవంబరు ముసురులో
టెల్ఫర్ గారి దొడ్డిలో
పదకొండు మందిమి మళ్ళీ బడిపిల్లలం.
అందరికీ డిగ్రీలున్నాయి, నడుము నొప్పులున్నాయి,
మోకాళ్ళ మీద గొర్రెలు తన్నిన మచ్చలున్నాయి,
ఒకాయనకు మనవడు కూడా ఉన్నాడు.
బూట్లు కడిగిన మందునీళ్ళ వాసన
తడిసిన ఉన్ని వాసన
ఫ్లాస్కులో మాగిన టీ వాసన
అదే మా తరగతి గది.

డాక్టర్ టర్న్‌బుల్ గొంతు పెంచదు.
గొర్రెను నిలబెట్టే ఉంచి
ముందుకాలి చంకలో, ఉన్ని మొలవని చోట
స్పిరిట్ చల్లి ప్రోబ్ ఆనిస్తుంది.
"ఇదిగో, ఆరో పక్కటెముక.
ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి కనబడదు.
తెల్లగీత ఒకటి వస్తూ పోతూ ఉంటుంది, అంతే.
దాని వెనక ఏమైనా కనబడిందా,
అదే కనబడకూడనిది."

నాకు చెయ్యి కుదరలేదు.
ఇరవై మూడేళ్ళుగా
అర్ధరాత్రి కడుపులోకి దూరి
ఏ కాలు ఏ పిల్లదో తేల్చిన చెయ్యి,
సబ్బుబిళ్ళంత ప్లాస్టిక్ ముక్క పట్టుకుని
కొత్తకోడలిలా తడబడింది.

ఆ జబ్బుకి ఎక్కడో ఆఫ్రికా దక్షిణాన
గొర్రెలు కాసేవాళ్ళే పేరు పెట్టారట:
తరుముడు జబ్బు.
వెనక కుక్క లేదు, నక్క లేదు,
నిలబడ్డ చోటే నిలబడి
ఎవరో తరిమినట్టు రొప్పుతుంది గొర్రె.
పాతకాలంలో వెనక కాళ్ళు ఎత్తి చూసేవాళ్ళం,
తోపుడుబండిని ఎత్తినట్టు.
ముక్కులోంచి గిన్నెడు నురుగునీళ్ళు కారితే, ఆ జబ్బే.
అది పరీక్ష కాదు, పంచనామా.

టీ తాగుతుంటే నెల్ ఆలివర్ గుర్తొచ్చింది.
పదకొండేళ్ళ కిందట, హెండర్‌లా కొట్టంలో,
ఆమె గొర్రెలు ఒక్కొక్కటే చిక్కిపోతుంటే
నిమోనియా అన్నాను.
మా పెద్ద డాక్టరు అదే అనేవాడు,
ఆయనకు నేర్పినాయనా అదే అన్నాడు.
గొర్రెదాటు గొర్రెలకే అనుకుంటాం.
పందొమ్మిది గొర్రెలు, అన్నిటికీ సూదులు.
బిల్లు మూడు విడతల్లో కట్టింది,
మూడోదానితో పాటు ఓ సీసాడు నేరేడురంగు జామ్ పంపింది.
మరుసటేడు మందనే అమ్మేసింది.
నన్ను ఒక్క మాట అనలేదు.

మూడో రోజు మధ్యాహ్నం
నా ముందుకొచ్చింది నీలం గుర్తు గొర్రె.
కెల్సో సంతలో రెండో బహుమతి,
టెల్ఫర్ గారు పేరుపెట్టి పిలిచే ఒకే ఒక్కటి.
నెమరు వేస్తూనే ఉంది.
తెల్లగీత వచ్చింది, పోయింది, వచ్చింది,
తెగింది.
తెగిన చోట బూడిదరంగు,
కోసిన కాలేజం ముక్కలాగా.

డాక్టర్ టర్న్‌బుల్ చూసింది, ఏమీ అనలేదు.
మిగతా పదిమందీ బూట్లు చూసుకుంటున్నారు.
నాకప్పుడు అర్థమైంది,
పాఠం ఇంకా అయిపోలేదని,
ఈ భాగానికి నోట్సు ఇవ్వలేదని.

"మేస్తోంది కదా, డాక్టరమ్మా?"
"మేస్తోంది."
"వచ్చే వారం పొట్టేలును వదులుదామనుకున్నా."
"వద్దు."

నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.
ఆయన చెయ్యి చాచాడు.
ఆ చేతిలో ప్రోబ్ పెట్టి
ఆరో పక్కటెముక దగ్గరికి నడిపించాను.
ఆయన చెయ్యి వణకలేదు.
"ఇదేనా?"
"ఇదే."
చాలాసేపు చూశాడు,
కిటికీలోంచి ఎవరి ఇంట్లోకో చూసినట్టు.
తర్వాత తనే ఎర్రరంగు తెచ్చి
నీలం గుర్తు మీద అడ్డంగా గీశాడు.
గేటు తీశాడు.
"తర్వాతది రానివ్వండి."

ఇంకా నూట ఆరు ఉన్నాయి.
చీకటి పడేలోగా చేతికి లెక్క దొరికింది,
గీత, గీత, గీత, ఏమీ లేదు,
ఏమీ లేకపోవడం ఇంత బాగుంటుందని
ఏ పుస్తకంలోనూ చదవలేదు.

సర్టిఫికెట్టు జనవరిలో పోస్టులో వచ్చింది,
ఏదో సొరుగులో ఉండాలి.
ఆ గొర్రెను పట్టుకున్నప్పుడు
మణికట్టుకు అంటిన ఎర్రరంగు మాత్రం
నాలుగు రోజులు వదల్లేదు.
ఐదో రోజు
హెండర్‌లాకి ఫోన్ చేశాను.
మోగుతోంది.